పట్టణ ఆరోగ్య కేంద్రాల ఓపీలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో లెక్క కట్టడం ఎలా?

పీజీ రెండో ఏడు, విశాఖ

అందరికీ నమస్కారం. నాది కమ్యూనిటీ మెడిసిన్. థీసిస్ కోసం జీవీఎంసీ పరిధిలోని 20 పట్టణ ఆరోగ్య కేంద్రాలకు వచ్చే పెద్దవాళ్ళలో కిడ్నీ జబ్బు శాతం కట్టాలి. ప్రస్తుతానికి అనుకున్నది ఇది: ఏడాది ఓపీ రిజిస్టర్లు తీసుకుని, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.4 మి.గ్రా./డె.లీ. దాటినవాళ్ళను లెక్కపెట్టి, మొత్తం ఓపీతో భాగించడం. మూత్రానికి డిప్‌స్టిక్ (ముంచి రంగు చూసే పట్టీ) సరిపోతుందని అనుకుంటున్నాను, అందరికీ మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీనుకూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి చేయించే డబ్బు లేదు.

అడగాల్సినవి: ఈ పద్ధతి నిలుస్తుందా? ఎంతమంది కావాలి? ఒకసారి పరీక్ష చాలా, మూడు నెలల తర్వాత మళ్ళీ చేయాల్సిందేనా? ఎథిక్స్ కమిటీకి పంపే ముందే తెలిస్తే ప్రోటోకాల్ మార్చుకుంటాను.

ఎపిడెమియాలజీ టీచర్

పంపకండి, ముందు మార్చండి. ఈ పద్ధతిలో పైనున్న సంఖ్యా తప్పే, కిందున్న సంఖ్యా తప్పే.

పై సంఖ్య సంగతి. 1.4 అనే గీత ఆడవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు అన్యాయం చేస్తుంది. సీకేడీ-ఈపీఐ 2021 సూత్రంలో వేసి చూడండి, అది క్రియాటినిన్, వయసు, ఆడా మగా బట్టి ఈజీఎఫ్ఆర్‌ను, అంటే కిడ్నీలు ఎంత వేగంగా వడగడుతున్నాయన్న అంచనాను ఇస్తుంది. 62 ఏళ్ళ ఆవిడకు క్రియాటినిన్ 1.3 ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 46. మీ లెక్కలో ఆవిడ ఆరోగ్యవంతురాలు. 28 ఏళ్ళ కుర్రాడికి 1.4 ఉంటే ఈజీఎఫ్ఆర్ 70, అతను మీ గీత మీదే నిలబడ్డాడు. కాబట్టి క్రియాటినిన్ అంకెను సూత్రంలో వేసి, ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువా కాదా అన్నదే చూడాలి. సూత్రం ఎక్సెల్‌లో ఒక్క గడిలో పడుతుంది: 142 ను, క్రియాటినిన్‌ని కప్పాతో భాగించగా వచ్చిన విలువ 1 దాటితే దాని మైనస్ 1.2 ఘాతంతో, దాటకపోతే ఆల్ఫా ఘాతంతో గుణించాలి. తర్వాత 0.9938 ని వయసు ఘాతంతో, ఆడవాళ్ళైతే 1.012 తో కూడా గుణించాలి. కప్పా ఆడవాళ్ళకు 0.7, మగవాళ్ళకు 0.9. ఆల్ఫా ఆడవాళ్ళకు మైనస్ 0.241, మగవాళ్ళకు మైనస్ 0.302. ఎక్సెల్‌లో కప్పాలు తారుమారైతే ఎవరూ పట్టుకోలేరు, అందుకే పైన చెప్పిన ఇద్దరినీ వేసి 46, 70 వస్తున్నాయో లేదో ముందే చూసుకోండి.

కింద సంఖ్య ఇంకా పెద్ద చిక్కు. ఓపీ రిజిస్టరులో ఉండేది మనుషులు కాదు, రాకపోకలు. షుగరు మాత్రలకు నెలనెలా వచ్చే మనిషి పన్నెండు వరసలు, జ్వరానికి ఒక్కసారి వచ్చిన మనిషి ఒక్క వరస. పైగా క్రియాటినిన్ చేయించేది డాక్టరుకు అనుమానం వచ్చినవాళ్ళకే. పరీక్ష జరిగినవాళ్ళతో భాగిస్తే శాతం ఉబ్బుతుంది, మొత్తం ఓపీతో భాగిస్తే పరీక్షే చేయనివాళ్ళందరికీ కిడ్నీలు బాగున్నాయని మీరే తీర్పు ఇచ్చినట్టు. అసలు సంఖ్య ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది, ఎక్కడో రిజిస్టరు చెప్పదు.

అందుకని పాత రిజిస్టరు పక్కన పెట్టి ముందుకు సాగే సర్వే చేయండి. ప్రతి కేంద్రంలో ఓపీ చీటీ వరసలో, యాదృచ్ఛికంగా ఎంచిన సంఖ్యతో మొదలుపెట్టి, ప్రతి ఎనిమిదో మనిషిని తీసుకోండి. ఎనిమిది అని ఎందుకంటే, రోజుకు 40 ఓపీ ఉంటే ఐదుగురు వస్తారు, ఐదుగురి సాంపిళ్ళు ఒక స్టాఫ్ నర్సు చేయగలిగిన పని. మీ కేంద్రం ఓపీని బట్టి మార్చుకోండి. ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: గడిచిన పన్నెండు నెలల్లో, ఈ రోజుతో కలిపి, ఈ కేంద్రానికి ఎన్నిసార్లు వచ్చారు? ఆ సంఖ్యను తిరగేస్తే అదే ఆ మనిషి బరువు. పన్నెండుసార్లు వచ్చినవారి బరువు పన్నెండింట ఒకటి. ఈ ఒక్క ప్రశ్న వదిలేస్తే మీకొచ్చేది ఓపీ గదిలో ఒక రోజు కూర్చున్నవాళ్ళ శాతమే, ఆ కేంద్రాన్ని వాడుకునేవాళ్ళ శాతం కాదు. మందుల నిల్వ అంచనాకు మొదటిది పనికొస్తుంది, జబ్బు ఎంతుందో చెప్పడానికి రెండోదే కావాలి. రెండూ ఇవ్వండి, ఏది ఏదో స్పష్టంగా రాయండి.

సంఖ్య: 2013లో అచ్చయిన సీక్ అధ్యయనం దేశంలో పలు నగరాల శిబిరాల్లో 17.2 శాతం చూపించింది, అందులో మూడో దశ (ఈజీఎఫ్ఆర్ 60 లోపు), ఆపైన ఉన్నవాళ్ళు ఆరు శాతం దాకా. అది ఒకసారి పరీక్షే అని గుర్తుంచుకోండి. తేడా మూడు నెలలు నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు, కాబట్టి మీరు మాత్రం తేడా వచ్చినవాళ్ళకు 90 రోజుల తర్వాత మళ్ళీ చేయాల్సిందే. 17 శాతం, ఇటూ అటూ 3 శాతం అనుకుంటే 603 మంది. ఒకే కేంద్రం నుంచి వచ్చినవాళ్ళు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి, కేంద్రానికి 50 మంది, క్లస్టర్ల (ఇక్కడ కేంద్రాల) లోపలి సహసంబంధం 0.01 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్, అంటే ఆ పోలిక వల్ల సంఖ్యను ఎన్ని రెట్లు పెంచాలో, 1.49. 603 ను దానితో గుణిస్తే 899. పది శాతం ఒప్పుకోరు అనుకుంటే 999. అంటే 20 కేంద్రాలు, ఒక్కోచోట 50 మంది. కేంద్రాలు తగ్గించి ఒక్కోచోట మనుషుల్ని పెంచాలని మనసు లాగుతుంది, తిరగడం తగ్గుతుంది కదా అని. అలా చేయకండి, డిజైన్ ఎఫెక్ట్ పెరిగి సంఖ్య చాలకుండా పోతుంది.

ఇంకోటి. ఈ ఫలితాన్ని విశాఖ నగర శాతం అని రాయకండి. స్టీల్ ప్లాంటు, పోర్టు ఉద్యోగులకు సొంత ఆసుపత్రులున్నాయి, ఈఎస్‌ఐ కార్డున్నవాళ్ళు అటు వెళ్తారు, పగలు ఓపీకి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఎక్కువ.

బయోకెమిస్ట్రీ బెంచ్

టీచరు గారు చెప్పిన లెక్కంతా ల్యాబ్ సరిగా ఉంటేనే. ఆ 62 ఏళ్ళ ఆవిడనే తీసుకోండి. క్రియాటినిన్ 1.0 అయితే ఈజీఎఫ్ఆర్ 64. 1.1 అయితే 57. 1.05 దగ్గర సరిగ్గా 60. చాలా ల్యాబులు రిపోర్టులో ఒక్క దశాంశమే ఇస్తాయి. అంటే రోగం ఉందా లేదా అన్నది మెషీన్ అంకెను ఏ వైపు సర్దిందో దాని మీద పడుతోంది. రెండు దశాంశాలు కావాలని ల్యాబ్‌కి ముందే రాతపూర్వకంగా చెప్పండి. అనలైజరులో ఆ సెట్టింగు ఉంటుంది.

ఏ పద్ధతో అడగండి. జాఫే, అంటే క్షార పిక్రేట్ పద్ధతి, చవక, కానీ రక్తంలో గ్లూకోజు, కీటోన్లు, కొన్ని సెఫలోస్పోరిన్లు ఉంటే ఎక్కువ చూపిస్తుంది, బిలిరుబిన్ ఉంటే తక్కువ చూపిస్తుంది. షుగరు వాళ్ళు ఎక్కువగా ఉండే ఓపీలో ఇది చిన్న సంగతి కాదు. ఎంజైమ్ పద్ధతి దొరికితే అదే తీసుకోండి. ఏదైనా సరే మెషీన్‌ను సరిచూసే క్యాలిబ్రేటర్ ఐడీఎంఎస్ అనే ప్రామాణిక కొలతకు ముడిపడి ఉండాలి, లేకపోతే 2021 సూత్రంలో వేయడానికే వీల్లేదు. 20 కేంద్రాల సాంపిళ్ళూ ఒకే ల్యాబులో, ఒకే మెషీన్ మీద నడవాలి. రెండు ల్యాబులు అయితే కేంద్రాల మధ్య కనిపించే తేడా జనంలోదా మెషీన్లదా తెలియదు. ఆ ల్యాబు సీఎంసీ వెల్లూరు నడిపే బయటి నాణ్యతా పథకంలో ఉందో లేదో చూడండి. ఇరవై సాంపిళ్ళకొకటి చొప్పున రెండు ట్యూబుల్లో వేర్వేరు నంబర్లతో, ల్యాబుకు చెప్పకుండా పంపండి. తేడా ఎంతొస్తోందో అప్పుడు మీ చేతిలోనే ఉంటుంది.

రక్తం తీశాక: పసుపు మూత జెల్ ట్యూబు, అరగంట నిలబెట్టి గడ్డకట్టనివ్వాలి, పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్, అన్నీ కలిపి రెండు గంటల్లోపు. భీమిలి, మధురవాడ వైపు కేంద్రాల నుంచి సెంట్రిఫ్యూజ్ చేయకుండా ఆటోలో మధ్యాహ్నం ఎండకు పంపితే ఎర్ర కణాలు పగులుతాయి, జాఫేలో అంకె పైకి పోతుంది. సెంట్రిఫ్యూజ్ లేని కేంద్రాన్ని సాంపిల్ రోజున దగ్గరి పెద్ద కేంద్రానికి కలపండి. సీరం వేరయ్యాక ఐసు పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీలు.

సోమవారం ఓపీ జాగ్రత్త. ఆదివారం రాత్రి మటన్ కూరో చేపల పులుసో తిన్న మనిషికి సోమవారం ఉదయం క్రియాటినిన్ ఎక్కువే ఉంటుంది, ఉడికిన మాంసంలోని క్రియాటిన్ క్రియాటినిన్‌గా మారి రక్తంలో చేరుతుంది. పన్నెండు గంటలు మాంసం, చేప వద్దని చెప్పి మర్నాడు రమ్మనాలి, లేదా నిన్న రాత్రి ఏం తిన్నారో ఫారంలో రాయాలి.

డిప్‌స్టిక్ విషయంలో నా మాట: వద్దు. ఒక ప్లస్ అంటే సుమారు 30 మి.గ్రా./డె.లీ. ప్రోటీను. మీరు వెతికే తొలి దశ అల్బుమిన్ దానికి అందదు. పైగా అది గాఢతను చూస్తుంది. పొద్దున్నుంచి నీళ్ళు తాగని మనిషికి ప్లస్, రెండు చెంబులు తాగొచ్చిన మనిషికి నిల్. నిష్పత్తి ఆ తేడాను సరిచేస్తుంది. మూత్రంలో అల్బుమిన్ లీటరుకు 48 మి.గ్రా. ఉందనుకోండి. మూత్ర క్రియాటినిన్ 60 మి.గ్రా./డె.లీ. అయితే, అంటే లీటరుకు 0.6 గ్రాములు, నిష్పత్తి 80, అసాధారణం. అదే క్రియాటినిన్ 200 అయితే నిష్పత్తి 24, మామూలే. అల్బుమిన్ అంకె ఒకటే, తీర్పులు రెండు. రిపోర్టులో ‘మైక్రోఅల్బుమిన్ 48’ అని మాత్రమే ఉంటే దాన్ని నిష్పత్తి అనుకుని నమోదు చేసే పొరపాటు చాలా చోట్ల జరుగుతుంది. డేటా షీటులో అల్బుమిన్, మూత్ర క్రియాటినిన్ రెండు వేరు గళ్ళలో పెట్టి నిష్పత్తిని షీటే కట్టేలా చేయండి.

డబ్బు చాలకపోతే ఒక దారి ఉంది. క్రియాటినిన్ వెయ్యి మందికీ చేయండి, నిష్పత్తి అందులో యాదృచ్ఛికంగా 500 మందికి చేసి ఒక్కొక్కరి బరువు రెండింతలు చేయండి. ఎవరికి చేయాలో డాక్టరు నిర్ణయించకూడదు, ముందే తయారుచేసిన కవర్లు నిర్ణయించాలి. అప్పుడు అంచనా కొంచెం వెడల్పవుతుంది కానీ పక్కకు జరగదు. డిప్‌స్టిక్‌తో మాత్రం పక్కకు జరుగుతుంది.

మూత్రం పొద్దున్న మొదటిది అయితే మేలు, డబ్బా ముందురోజే ఇవ్వండి. నెలసరిలో ఉన్నవాళ్ళకు, జ్వరం ఉన్నవాళ్ళకు, మూత్రంలో మంట ఉన్నవాళ్ళకు ఆ రోజు వద్దు, తర్వాత రమ్మనండి. 2 నుంచి 8 డిగ్రీల్లో వారం ఉంటుంది. మైనస్ 20 ఫ్రీజరులో పెట్టకండి, అల్బుమిన్ కొంత పోతుంది.

పీజీ రెండో ఏడు, విశాఖ

టీచరు గారికి, మేడమ్‌కి చాలా థాంక్స్. నిష్పత్తి సగం మందికి చేసే పద్ధతి మా బడ్జెట్‌లో పడుతుంది. ఇంకా రెండు: మొదటి పరీక్షలో తేడా వచ్చినవాళ్ళను 90 రోజుల తర్వాత పిలిస్తే అందరూ రారు. రానివాళ్ళను ఏం చేయాలి? ఓపీలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు కొంతమంది ఉన్నారు, వాళ్ళను తీసేయాలా?

గణాంకాలు చూసేవాడు

రానివాళ్ళ గురించి ఊహాసంఖ్యలతో చెప్తాను. వెయ్యి మందిలో 180 మందికి మొదటిసారి తేడా వచ్చిందనుకోండి. 120 మంది మళ్ళీ వచ్చారు, 84 మందికి జబ్బు ఖాయమైంది. చాలా థీసిస్‌లలో 84 ను వెయ్యితో భాగించి 8.4 శాతం అని రాసేస్తారు. అంటే రాని 60 మందికీ జబ్బు లేదని రాసినట్టే. వచ్చినవాళ్ళలో 70 శాతానికి ఖాయమైంది కాబట్టి, రానివాళ్ళూ అలాంటివాళ్ళే అయితే 180 లో 126, అంటే 12.6 శాతం. అరవై మందికీ జబ్బే ఉందనుకుంటే 14.4. ఈ మూడింటినీ రాయండి, ప్రధాన ఫలితంగా మధ్యదాన్ని.

కానీ రానివాళ్ళు వచ్చినవాళ్ళలాంటివాళ్ళేనా? సాధారణంగా కాదు. షుగరు, బీపీ మందులకు ఎలాగూ వచ్చేవాళ్ళు తిరిగి వస్తారు, కూలి పోతుందని మగవాళ్ళు రారు. అందుకే షుగరు ఉన్నా లేకున్నా, ఆడా మగా, మొదటి ఈజీఎఫ్ఆర్ 45 కు పైనా కిందా అని వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గంలో ఎంతమంది వచ్చారో చూసి, వచ్చినవాళ్ళకు ఆ వాటా తిరగేసిన బరువు ఇవ్వండి. మునుపటి బరువుతో దీన్ని గుణించాలి. గణాంక సాఫ్ట్‌వేర్లలో, అంటే ‘ఆర్’లో సర్వే ప్యాకేజీ, స్టాటాలో ఎస్‌వీవై ఆదేశాలు క్లస్టర్లతో సహా చూసుకుంటాయి. 20 క్లస్టర్లే కాబట్టి 95 శాతం విశ్వాస అవధికి 1.96 కాకుండా 19 స్వేచ్ఛాంశాల టీ విలువ 2.09 వాడాలి. ప్యాకేజీ అదే చేస్తోందో లేదో ఒకసారి చూడండి.

రెండో పరీక్ష భారం తగ్గించే చిట్కా: రోగి సంచిలో పాత రిపోర్టు ఉంటే అడగండి. మూడు నెలలకు ముందరి క్రియాటినిన్ ఉండి, దాన్నుంచి కట్టిన ఈజీఎఫ్ఆర్ కూడా 60 లోపు ఉంటే మళ్ళీ రక్తం తీయక్కర్లేదు. కానీ పాతది వేరే ల్యాబుది అని ఫారంలో గుర్తు పెట్టండి.

పేర్ల గొడవ ముందే తేల్చుకోండి. మన వైపు ఒక్క కేంద్రంలోనే అప్పలనరసమ్మలు, పైడిరాజులు, నూకరాజులు ఎందరో, ఫోన్ నంబరు ఇంటందరికీ ఒకటే. ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే సరే, లేకపోతే పేరు, ఇంటిపేరు, భర్త లేదా తండ్రి పేరు, పుట్టిన ఏడు నాలుగూ కలిపి గుర్తింపుగా వాడండి. రెండోసారి వచ్చిన అప్పలనరసమ్మ మొదటి అప్పలనరసమ్మే అని ఖాయం కాకపోతే 90 రోజుల నియమానికే అర్థం లేదు. వయసు ‘అరవై’ అని గుండుగుత్తగా చెప్తారు, ఆధార్ చూసి రాయండి. ఐదేళ్ళ తేడా ఈజీఎఫ్ఆర్‌ని మూడు శాతం జరుపుతుంది, అంచున ఉన్నవాళ్ళకు అది చాలు.

నెఫ్రాలజీ ఓపీ

ఉద్దానం వాళ్ళను తీసేయకండి. వాళ్ళు మీ కేంద్రం రోగులు, లెక్కలో ఉండాల్సినవాళ్ళు. ఫారంలో రెండు ప్రశ్నలు కలపండి: పుట్టిన మండలం ఏది, ఇరవై ఏళ్ళ వయసు దాకా ఎక్కడున్నారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు అని పేర్లు ముందే అచ్చువేస్తే ఏఎన్ఎం గీత పెడితే సరిపోతుంది. ఫలితం వాళ్ళతో కలిపి ఒకటి, విడిగా ఒకటి ఇవ్వండి.

ఇంకా ముఖ్యమైనది, వాళ్ళలో కనిపించే జబ్బు తీరు మీ డిజైన్‌నే నిర్ణయిస్తుంది. షుగరు ఉండదు, బీపీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, మూత్రంలో అల్బుమిన్ అసలు ఉండదు లేదా కొద్దిగా ఉంటుంది, క్రియాటినిన్ మాత్రం చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకే క్రియాటినిన్ చేయించే ఏ పద్ధతైనా వీళ్ళను వదిలేస్తుంది. డిప్‌స్టిక్ ముందు, క్రియాటినిన్ తర్వాత అనే పద్ధతీ అంతే. బయోకెమిస్ట్రీ మేడమ్ డిప్‌స్టిక్ వద్దన్నదానికి ఇది నా వైపు కారణం.

బక్కపలచని కూలీ మనిషికి కండ తక్కువ, కాబట్టి క్రియాటినిన్ తక్కువ పుడుతుంది, ఈజీఎఫ్ఆర్ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. మన దేశంలో అసలు జీఎఫ్ఆర్ కొలిచి పోల్చినప్పుడు కూడా ఈ సూత్రాలు ఎక్కువే చూపించాయి. వీలుంటే ఈజీఎఫ్ఆర్ 45 నుంచి 75 మధ్య వచ్చినవాళ్ళలో ఓ అరవై మందికి సిస్టాటిన్-సీ (కండ మీద అంతగా ఆధారపడని రక్త పరీక్ష) చేయించండి. ఖరీదైనదే, కానీ అసలు జీఎఫ్ఆర్ కొలవలేనప్పుడు మీ శాతం ఎటువైపు తప్పుతోందో చెప్పే పరీక్ష అదే.

ఏప్రిల్, మే నెలల్లో సాంపిళ్ళు మొదలుపెట్టకండి. విశాఖ ఉక్కపోతలో చెమటోడ్చి పనిచేసి, ఒళ్ళునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకున్న మనిషికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. తప్పనిసరైతే నెల, గత వారం వాడిన నొప్పి మాత్రలు రాయండి. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ కూడా అడగండి, అది కిడ్నీని పాడుచేయకుండానే అంకెను పెంచుతుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు వరసలో తగిలితే ‘పరీక్ష అవసరం లేదు’ అని పక్కన పెడతారు. పరీక్ష వద్దు సరే, లెక్కలో మాత్రం జబ్బు ఉన్నట్టే వేయాలి. ముదిరినవాళ్ళు ఎక్కువగా కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లోనే ఉంటారు కనుక, మీ కేంద్రాల్లో ఐదో దశ తక్కువ కనిపిస్తుంది. అది ఊళ్ళో తక్కువని కాదు.

ఫలితాన్ని ఒక్క శాతంగా ఇవ్వకండి. ఈజీఎఫ్ఆర్ 60 లోపు ఎంతమంది, అల్బుమిన్ నిష్పత్తి 30, ఆపైన ఎంతమంది, రెండూ ఎంతమంది, ఇవి వేర్వేరుగా కావాలి. 75 దాటి, ఈజీఎఫ్ఆర్ 52 ఉండి, అల్బుమిన్ లేని పెద్దాయనకూ, 40 ఏళ్ళకే అల్బుమిన్ నిష్పత్తి 400 ఉన్న మనిషికీ చేయాల్సింది ఒకటి కాదు. రెండో మనిషి నా ఓపీకి రావాలి.

చివరిగా, సర్వే పేరుతో ఎవరినీ 90 రోజులు ఆపకండి. మొదటి పరీక్షలోనే ఈజీఎఫ్ఆర్ 30 లోపు వస్తే అదే రోజు ఫోన్ చేయండి. అది పాత జబ్బు కాకుండా అప్పుడే మొదలైన దెబ్బ కూడా కావచ్చు, వారంలోపు మళ్ళీ క్రియాటినిన్, పొటాషియం చూడాలి, నొప్పి మాత్రలు ఆపాలి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే 30 లోపు ఆపాలి, 45 లోపు మోతాదు సగం చేయాలి. ఉద్దానం వైపు సొంత ఊరు ఉన్నవాళ్ళకు 2023 డిసెంబరులో పలాసలో మొదలైన కిడ్నీ ఆసుపత్రి దగ్గర, అక్కడికి రాసివ్వండి. పరీక్ష చేసిన ప్రతి ఒక్కరి చేతిలో తెలుగులో చీటీ ఉండాలి: పేరు, తేదీ, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, మళ్ళీ రావాల్సిన తేదీ, నొప్పి మాత్రలు అడగకుండా వేసుకోవద్దు అన్న ఒక్క వాక్యం. ఆ చీటీ నమూనాను ఎథిక్స్ కమిటీకి పంపే కాగితాల్లోనే పెట్టండి.

పీజీ రెండో ఏడు, విశాఖ

అర్థమైంది సార్. సాంపిళ్ళు నవంబరుకు జరుపుతున్నాను. చీటీ నమూనా ఈ వారం తయారుచేసి ఇక్కడే పెడతాను, తెలుగు మాటలు ఏఎన్ఎంలకు, రోగులకు ఇబ్బంది లేకుండా ఉన్నాయో లేదో చూసి చెప్పండి.